షాల్మెట్ యుద్ధభూమి: "ఖాళీ పొలమే కదా" అనుకుని వదిలేయకండి

మీరు అడిగింది ఇదీ: హ్యూస్టన్ నుంచి అమ్మానాన్నలతో న్యూ ఆర్లీన్స్ వస్తున్నారు. నాన్నగారు సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు, ఆయనకు 1815 నాటి యుద్ధం జరిగిన షాల్మెట్ చూడాలని ఉంది. రివ్యూలు చూస్తే ఖాళీ మైదానం, ఒక స్తంభం, అంతకు మించి ఏమీ లేదని రాశారు. ఒక పూట దానికి కేటాయించడం దండగ అవుతుందా అన్నది అసలు ప్రశ్న. పడవలో వెళ్లాలా కారులోనా, అక్కడున్న తెల్ల బంగ్లా ప్లాంటేషన్ దొరదేనా, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు తిరగగలరా అన్నవి మిగతావి.

తప్పకుండా వెళ్లండి. కాకపోతే యుద్ధం చూడ్డానికి వెళ్తున్నాం అనుకోకుండా, ముందు ఒక చెరకు తోట చూడ్డానికి వెళ్తున్నాం అనుకోండి. నేను చాలా ఏళ్లుగా లూసియానాలో ఉంటున్నాను, ఇంటికొచ్చిన చుట్టాలను అక్కడికి తీసుకెళ్తూనే ఉంటాను. జనరళ్ల పేర్లు, రెజిమెంట్ల నంబర్లతో మొదలుపెడితే కాసేపటికే అందరూ ఫోన్లు తీస్తారు. ఈ నేల మీద చెరకు ఎలా పండేది, నీళ్లు ఎటు పారేవి, ఆ కాలువలు ఎవరు తవ్వారు అన్న దగ్గర మొదలుపెడితే మాత్రం, యుద్ధం సరిగ్గా ఇక్కడే ఎందుకు జరిగింది, ఇలాగే ఎందుకు ముగిసింది అన్నది దానంతటదే అర్థమవుతుంది. మీ నాన్నగారికి వ్యవసాయంతో కాస్త పరిచయం ఉంటే ఇంకా మంచిది.

నేల సంగతి చెప్తాను. వరదలొచ్చినప్పుడల్లా మిసిసిపి ఒడ్డున ఒండ్రు పోసి పోసి ఆ అంచును ఎత్తు చేసింది. అందుకే ఇక్కడ నది పక్కన నేల మెరక, నదికి దూరమయ్యే కొద్దీ పల్లం. గోదావరి డెల్టాలో పొలాలు చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఫ్రెంచివాళ్ల కాలం నుంచి భూముల్ని నది దగ్గర సన్నగా మొదలై వెనక అడవి దాకా పొడుగ్గా సాగే పట్టీలుగా పంచుకున్నారు. సరుకు పోవాలన్నా రావాలన్నా నదే దారి కాబట్టి ప్రతి యజమానికీ కొంత నది ఒడ్డు కావాలి. ఒడ్డున మెరక మీద ఇల్లు, దాని వెనక చెరకు మళ్లు, ఆ వెనక సైప్రస్ చెట్ల చిత్తడి అడవి. పొలాల్లో నిలిచిన నీటిని నదిలోకి తోయడం కుదరదు, నదే ఎత్తులో ఉంది. అందుకని మురుగు కాలువలన్నీ నదికి వీపు పెట్టి వెనక చిత్తడిలోకి పారతాయి. ఈ ఒక్క విషయం గుర్తుంటే చాలు, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

షాల్మెట్ అలాంటి పట్టీల్లో ఒకటి. ద లీనో ద షాల్మె అనే ఫ్రెంచి క్రియోల్ (లూసియానాలోనే పుట్టి పెరిగిన ఫ్రెంచి సంతతి) యజమానిది. దానికి ఎగువన మకార్టీ తోట. రెండింటి మధ్య రోడ్రిగెజ్ కాలువ అని ఒకటుండేది. ఒకప్పుడు మిల్లు నడపడానికి నది నీళ్లు మళ్లించిన కాలువ అది. 1814 నాటికి వాడకం పోయి, పూడిపోయి, గట్లు జారి గడ్డి మొలిచింది. అక్కడ నదికీ చిత్తడి అడవికీ మధ్య ఆరిన నేల మైలు కూడా లేదు.

అమెరికాకూ బ్రిటన్‌కూ మధ్య 1812లో మొదలైన యుద్ధం నడుస్తుండగా, 1814 చివర్లో బ్రిటిష్ సైన్యం న్యూ ఆర్లీన్స్ పట్టుకోవడానికి వచ్చింది. నది ముఖద్వారం నుంచి ఎదురీది రావడం కష్టమని, తూర్పున బోర్న్ సరస్సులోకి వచ్చి, అక్కడున్న చిన్న అమెరికన్ గన్‌బోట్ల దళాన్ని డిసెంబర్ 14న చిత్తు చేసి, చిన్న పడవల్లో బాయూల వెంట, అంటే మెల్లగా పారే చిత్తడి వాగుల వెంట, చొరబడ్డారు. చివరికి వాళ్లు తేలింది ఎక్కడనుకున్నారు? విల్లేరే అనే మరో తోట వెనక. చిత్తడిలోకి నీళ్లు పోవడానికి ఆ తోటవాళ్లు తవ్వుకున్న కాలువే వాళ్లకు దారి అయింది. డిసెంబర్ 23న విల్లేరే ఇంటిని చుట్టుముట్టారు. ఆ ఇంటి కొడుకు కిటికీలోంచి దూకి పారిపోయి కబురు మోసుకెళ్లాడు. ఆ రాత్రే అమెరికన్ సేనాని ఆండ్రూ జాక్సన్ చీకట్లో వాళ్ల మీద పడ్డాడు. ఆ పోరులో ఎవరూ గెలవలేదు గానీ బ్రిటిష్‌వాళ్ల దూకుడు తగ్గింది. జాక్సన్ వెనక్కి తగ్గి రోడ్రిగెజ్ కాలువ దగ్గర ఆగాడు.

ఇక అక్కడ తవ్వకం మొదలైంది. చుట్టుపక్కల తోటల నుంచి బానిసలను పనికి పంపమని హుకుం వెళ్లింది. పారలు పట్టుకుని, శీతాకాలపు వానలో, మోకాలి లోతు బురదలో వాళ్లు ఆ కాలువను వెడల్పు చేసి, తీసిన మట్టిని నగరం వైపు కట్టగా పోశారు. ఇక్కడ కాస్త తవ్వితే నీళ్లు ఊరతాయి. తడి మట్టి నిలవక జారిపోతుంటే కంచెల కర్రలు పీకి తెచ్చి మట్టికి ఆనించారు. సైనికులు కూడా తవ్వారు, నిజమే. కానీ ఆ కట్ట లేచింది ఎక్కువగా బానిసల చేతుల మీదుగానే. పార్కులో దిగగానే మీకు కనిపించే పొడవాటి గట్టు దాని నమూనాగా మళ్లీ కట్టింది. దాని ముందు గడ్డిలో నిస్సారంగా కనిపించే పల్లమే ఆ కాలువ. రివ్యూలు రాసినవాళ్లు చాలామంది దాన్ని దాటుకుంటూ పోయుంటారు. మీరు మాత్రం అక్కడ ఆగండి. నాన్నగారిని గట్టు పక్కన నిలబెట్టి, నదిని కుడి చేతి వైపు పెట్టుకుని చూడమనండి. ఎదురుగా కనబడే నేలంతా షాల్మె చెరకు పొలం. ఎడమ చేతి వైపు అప్పట్లో చిత్తడి అడవి. ఇప్పుడు అటు రైలు పట్టాలు, హైవే.

అప్పటికి చెరకు నరికేశారు. లూసియానాలో చలికాలం మంచు పడకముందే, శరదృతువులో చెరకు కొట్టేస్తారు. కాబట్టి ఆ పొలంలో మోళ్లు తప్ప ఏమీ లేవు, దాక్కోవడానికి చోటు లేదు. అడ్డంగా ఉన్న షాల్మె ఇంటినీ, కొట్టాలనూ కూడా ఫిరంగులకు అడ్డు రాకుండా జాక్సన్ మనుషులు తగలబెట్టారు. అలా ఆ ప్లాంటేషన్ యుద్ధం ముగియకముందే పోయింది. అందుకే ప్లాంటేషన్ ఇల్లు కోసం వెతికితే మీకు కనిపించదు.

జనవరి 1న రెండువైపులా ఫిరంగులు పేల్చుకున్నారు. దాని గురించి చెప్తే పిల్లలు కూడా వింటారు. బ్రిటిష్‌వాళ్లు తోటల గోదాముల్లో దొరికిన పంచదార పీపాలను దొర్లించుకొచ్చి తమ ఫిరంగుల ముందు అడ్డుగా పేర్చారు. ఇసుక ఆపినట్టు పంచదార కూడా గుండును ఆపుతుందనుకున్నారు. ఆపలేదు, గుండ్లు పీపాలను చీల్చుకుంటూ పోయాయి. ఇవతల అమెరికన్లు కొన్ని ఫిరంగుల దగ్గర పత్తి బేళ్లు పెట్టారు, వాటికి నిప్పంటుకుని పొగ కమ్మింది, తీసి పారేశారు. జాక్సన్ సైన్యం పత్తి బేళ్ల గోడ చాటున పోరాడిందన్న కథ పాటల్లో, బొమ్మల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. చివరికి వాళ్లను కాపాడింది బురద.

జనవరి 8న అసలు దాడి. బ్రిటిష్ సేనాని సర్ ఎడ్వర్డ్ పాకెన్‌హామ్, వయసు 36. మీ నాన్నగారికి ఈ పేరు పట్టించడానికి ఒక దారి ఉంది. పాకెన్‌హామ్ అక్కను పెళ్లాడినవాడు ఆర్థర్ వెల్లెస్లీ, అంటే వెల్లింగ్టన్ డ్యూక్. 1799లో శ్రీరంగపట్నం మీదికి నైజాం సైన్యాన్ని నడిపించిన వెల్లెస్లీ ఆయనే. ఆయన అన్న గవర్నర్ జనరల్‌గా ఉన్నప్పుడే 1800లో నైజాం చేతిలోంచి కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలు దత్త మండలాలుగా కంపెనీ చేతికి పోయాయి. ఆ ఇంటి చుట్టరికం అటు మన సీమ దాకా, ఇటు ఈ చెరకు పొలం దాకా వచ్చిందని ఆయనకు చెప్పండి, క్లాసులో చెప్పిన పాఠం కళ్ల ముందు కదులుతుంది.

తెల్లవారుజామున పొగమంచు ఉంది, దాని చాటున దాటేయాలన్నది పథకం. మంచు విడిపోయింది. కాలువ పూడ్చడానికి చెరకు గడలు కట్టిన మోపులు, గట్టెక్కడానికి నిచ్చెనలు మోసుకురావాల్సింది 44వ రెజిమెంట్. అవి లేకుండానే ముందుకొచ్చేసి, మళ్లీ వెనక్కి పరిగెత్తారు. వెనకున్న దళాలు ఎదురుగా వచ్చేవాళ్లతో కలగలిసి గుంపైపోయాయి. నది వైపు నుంచి 93వ హైలాండర్లను పొలానికి అడ్డంగా, ఏటవాలుగా అడవి వైపు నడిపించారు. ఫిరంగుల ముందు అడ్డంగా నడవడం అంటే ఏమిటో ఆ గట్టు దగ్గర నిలబడితేనే తెలుస్తుంది. వాళ్ల దళపతి పడిపోయాడు, ముందుకో వెనక్కో చెప్పేవాళ్లు లేక ఆ పొలం మధ్యలోనే నిలబడి చచ్చిపోయారు. పాకెన్‌హామ్ చనిపోయాడు. అతని కింది జనరల్ గిబ్స్ గాయాలతో మర్నాడు పోయాడు. మరో జనరల్ కీన్ గాయపడ్డాడు. నదికి అవతలి ఒడ్డున బ్రిటిష్ దళమొకటి నిజానికి గెలిచింది, కానీ ప్రవాహానికి కొట్టుకుపోయి ఆలస్యంగా దిగడంతో ఆ గెలుపు ఇవతలివాళ్లకు పనికిరాలేదు. రెండు గంటల లోపే అంతా అయిపోయింది. చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, పట్టుబడ్డవాళ్లు కలిపి బ్రిటిష్‌వైపు నష్టం సుమారు 2,000. అమెరికన్లది ఆ రోజు రెండు ఒడ్లూ కలిపి 71, అందులో చనిపోయినవాళ్లు 13 మంది.

"సంధి అయిపోయాక జరిగిన యుద్ధం కదా, వృథా" అని మీకు గైడ్లో, పక్కనున్నవాళ్లో చెప్తారు. సగమే నిజం. ఇప్పటి బెల్జియంలోని గెంట్‌లో సంధి సంతకాలు 1814 డిసెంబర్ 24న జరిగాయి. కానీ రెండు దేశాలూ ఆమోదించేదాకా యుద్ధం ఆగదని ఆ ఒప్పందంలోనే ఉంది. అమెరికా సెనేట్ ఒప్పుకున్నది 1815 ఫిబ్రవరి 16న. జనవరి 8న చట్టం లెక్కన యుద్ధం నడుస్తూనే ఉంది.

ఇక ఆ గట్టు వెనక ఎవరున్నారు అన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యం, మీ నాన్నగారితో మాట్లాడాల్సిందీ ఇదే. టెనెసీ, కెంటకీ రైతులు, న్యూ ఆర్లీన్స్ ఫ్రెంచి వ్యాపారులు, జాన్ లఫీట్ దండులోని బరటేరియా సముద్రపు దొంగలు, ఇక్కడి ఆదివాసులైన చాక్టా తెగవాళ్లు ఉన్నారు. బానిసలు కాని, స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్ల రెండు బెటాలియన్లు ఉన్నాయి. అందులో ఒకటి ఎక్కువగా హైతీ విప్లవ కాలంలో సాన్ దొమాంగ్ (ఇప్పటి హైతీ) నుంచి వలస వచ్చినవాళ్లది. తెల్ల సైనికులతో సమానంగా 124 డాలర్లు, 160 ఎకరాలు ఇస్తానని జాక్సన్ 1814 సెప్టెంబర్‌లో వాళ్లకు ప్రకటన చేశాడు. 7వ పదాతి దళంలో డోలు వాయించిన కుర్రాడు జోర్డన్ నోబుల్. అప్పటికి పద్నాలుగేళ్లు ఉండొచ్చు, బానిస. పొగలో ఎవరెక్కడున్నారో తెలియనప్పుడు సైనికులకు దిక్కు చూపేది ఆ డోలు చప్పుడే. ఆ రోజు గెలిచాక కూడా అతను బానిసగానే ఉన్నాడు, స్వేచ్ఛ ఎన్నో ఏళ్ల తర్వాత గానీ రాలేదు. ముసలితనంలో ప్రతి ఏటా జనవరి 8 ఉత్సవాల్లో న్యూ ఆర్లీన్స్ వీధుల్లో అదే డోలు వాయిస్తుంటే జనం "ఓల్డ్ జోర్డన్" అని పిలిచేవాళ్లు. 1890లో పోయాడు.

అవతలి వైపు కూడా చూడండి. బ్రిటిష్ అడ్మిరల్ కాక్రేన్ 1814 ఏప్రిల్‌లోనే ఒక ప్రకటన చేశాడు: అమెరికాలోంచి తమ దగ్గరికి వచ్చేసినవాళ్లకు సైన్యంలో చోటు గానీ, స్వేచ్ఛగా బతికే చోటు గానీ ఇస్తామని. బానిసల పేరు ఎత్తకుండానే అది ఎవరికో అందరికీ తెలుసు. ఇక్కడి తోటల నుంచి దాదాపు 200 మంది పారిపోయి, బ్రిటిష్ ఓడలెక్కి వెళ్లిపోయారు. వాళ్లను తిరిగి ఇమ్మని యజమానులు ఏళ్ల తరబడి పోరాడారు. బ్రిటిష్ సైన్యంలో కరీబియన్ నుంచి వచ్చిన నల్ల సైనికుల వెస్టిండియా రెజిమెంట్లు కూడా ఉన్నాయి. ఆ చలికి అలవాటు లేక వాళ్లు చాలా అవస్థ పడ్డారు. ఇంకో తేదీ చెప్తాను: 1811 జనవరి 8. సరిగ్గా నాలుగేళ్ల ముందు అదే రోజున, ఇదే నది వెంట ఎగువన చెరకు తోటల బానిసలు చార్లెస్ డెలాండ్ నాయకత్వంలో తిరగబడి న్యూ ఆర్లీన్స్ వైపు నడిచారు. అమెరికాలో జరిగిన బానిస తిరుగుబాట్లలో అతి పెద్దది అదే. అణిచేశాక చంపినవాళ్ల తలలు కోసి కరకట్ట వెంట కర్రలకు గుచ్చి నిలబెట్టారు. 1815లో జాక్సన్ పక్కన నిలబడ్డ తోట యజమానుల మనసుల్లో బ్రిటిష్‌వాళ్ల భయం ఎంతుందో, తమ బానిసలు తుపాకులు పడతారేమోనన్న భయం అంతే ఉంది. ఈ రెండో భయం తెలియకుండా యుద్ధం గురించి ఎంత చదివినా సగమే తెలిసినట్టు.

చాక్టాల సంగతి కూడా చెప్పాలి. జాక్సన్ పక్కన పోరాడినవాళ్లనే, ఆయన అధ్యక్షుడయ్యాక 1830లో తెచ్చిన చట్టంతో సొంత నేలల నుంచి పశ్చిమానికి తరిమేశారు. జాక్సన్ వీరత్వాన్ని కాదనను. ఆ సైన్యాన్ని ఒకచోట నిలబెట్టడం మాటలు కాదు. కానీ టెనెసీలో ఆయన సొంత ప్లాంటేషన్ హెర్మిటేజ్ కూడా బానిసల శ్రమ మీదే నడిచింది. ఈ రెండూ కలిపి చెప్పకపోతే పిల్లలకు చరిత్ర చెప్పినట్టు కాదు.

ఇప్పుడు బంగ్లా. నది పక్కన స్తంభాలతో, వరండాలతో ఉన్న ఆ అందమైన తెల్ల ఇల్లు మాలూ బోరగార్డ్ హౌస్. అది ప్లాంటేషన్ ఇల్లు కానే కాదు. యుద్ధం జరిగిన 18 ఏళ్ల తర్వాత, 1830ల మొదట్లో, ఊరి బయట విడిదిగా ఎవరో డబ్బున్నవాళ్లు కట్టుకున్నది. అంతర్యుద్ధంలో దక్షిణాది జనరల్‌గా చేసిన బోరగార్డ్ కొడుకు, జడ్జి, దానికి చివరి ప్రైవేటు యజమాని, ఆ పేరే నిలిచింది. ఆ ఇంటికంటూ చెరకు తోట ఎప్పుడూ లేదు. చాలామంది అక్కడ ఫొటో దిగి "ప్లాంటేషన్ చూశాం" అని పెడతారు. మీరు ఆ ముందు నిలబడి దిగండి, కానీ విషయం తెలిసి దిగండి.

రాతి స్తంభం ఎత్తు 100 అడుగులు. జాక్సన్ ముసలివాడై 1840లో న్యూ ఆర్లీన్స్ వచ్చినప్పుడు దీని ఆలోచన మొదలైంది, 1855లో పని మొదలైంది, డబ్బుల్లేక ఆగిపోయి చివరికి 1908లో పూర్తయింది. లోపల మెలికలు తిరిగే ఇనుప మెట్లు 122. తెరిచి ఉంటే మీరు, నాన్నగారు ఓపికను బట్టి ఎక్కండి. పై నుంచి చూస్తే నది, పొలం, అడవి ఉన్న చోటు, ఆ పొడుగు పట్టీల ఆకారం అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. నేను పైన రాసిందంతా అక్కడ ఒక్క చూపులో అర్థమవుతుంది. మెట్లు మూసి ఉన్న రోజులుంటాయి, కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. అమ్మగారికి మాత్రం వద్దే వద్దు.

పొలానికి తూర్పు అంచున పొడుగ్గా, సన్నగా ఉండేది షాల్మెట్ జాతీయ శ్మశానం. పాత భూమి పట్టీ ఆకారమే అది. 1815లో చనిపోయినవాళ్లు అక్కడున్నారనుకుంటారు గానీ కాదు. 1864లో అంతర్యుద్ధపు యూనియన్, అంటే ఉత్తరాది, సైనికుల కోసం మొదలుపెట్టారు. సుమారు 15,000 సమాధులు. 1812 యుద్ధంలో పాల్గొన్నవాళ్లు నలుగురే, వాళ్లలో ఈ పొలంలో పోరాడినవాడు ఒక్కడు. నడుస్తుంటే రెండు రకాల రాళ్లు కనిపిస్తాయి. పేరు చెక్కిన నిలువు పలకలు కొన్ని, చేయెడు వెడల్పున్న చదరపు దిమ్మలు కొన్ని. దిమ్మల మీద అంకె తప్ప ఏమీ ఉండదు. అవి ఎవరో తెలియని సైనికులవి, వేలల్లో ఉన్నాయి. బానిసత్వం నుంచి తప్పించుకొచ్చి యూనియన్ సైన్యంలో చేరిన నల్ల సైనికులూ అక్కడే ఉన్నారు. 1815లో పారతో ఈ పొలం తవ్వినవాళ్ల మనవలో మునిమనవలో వాళ్లలో ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఇక రివ్యూల్లో ఎవరూ రాయనిది, నా దృష్టిలో అసలు చూడాల్సింది: ఫజెండ్‌విల్. గట్టుకూ శ్మశానానికీ మధ్య, ఇప్పుడు పచ్చిక తప్ప ఏమీ లేని చోట, దాదాపు వందేళ్లు ఒక ఊరుంది. అంతర్యుద్ధం అయ్యాక జాన్ పియెర్ ఫజెండ్ అనే, ముందు నుంచీ స్వేచ్ఛగా ఉన్న నల్ల కుటుంబపు మనిషి తనకు వారసత్వంగా వచ్చిన పట్టీని ముక్కలు చేసి, కొత్తగా బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లకు అమ్మాడు. ఒకటే వీధి, దాని వెంట ఇళ్లు, ఒక చిన్న బడి, బాటిల్ గ్రౌండ్ బాప్టిస్ట్ చర్చి. చెరకు పండించిన నేల మీదే ఆ పండించినవాళ్ల పిల్లలు సొంత గడప కట్టుకున్నారు. 1964లో, యుద్ధం 150వ ఏడాది ఉత్సవానికి మైదానమంతా ఒకే ముక్కగా కనిపించాలని ఆ ఊరిని ఖాళీ చేయించి ఇళ్లు కూల్చేశారు. ఎక్కువమంది పక్కనే ఉన్న లోయర్ నైన్త్ వార్డుకు వెళ్లారు. మరుసటి ఏడాదే, 1965లో, బెట్సీ తుఫాను ఆ వార్డును ముంచింది. 2005లో కత్రినా మళ్లీ ముంచింది. మనం ఇప్పుడు "కాపాడిన యుద్ధభూమి" అని చూస్తున్న ఖాళీతనం కొంత ఆ ఊరిని తీసేస్తే వచ్చింది. "ఖాళీ పొలం" అని రాసినవాళ్లకు చెప్పాల్సిన మాట నిజానికి అదే. ఇప్పుడు పార్కువాళ్లు ఆ ఊరి గురించి చెప్తున్నారు. సందర్శకుల కేంద్రంలో అడగండి, ఆ వీధి ఎక్కడ ఉండేదో చూపిస్తారు.

కారా పడవా అన్నదానికి వస్తే, అమ్మగారి మోకాళ్ల దృష్ట్యా కారే మేలు. ఫ్రెంచ్ క్వార్టర్ నుంచి ఆరు మైళ్లుంటుంది. సెయింట్ క్లాడ్ రోడ్డు పట్టుకుని వెళ్తే ఇండస్ట్రియల్ కెనాల్ మీద లేచే వంతెన దాటి, లోయర్ నైన్త్ వార్డు మీదుగా, అరబీ దాటి షాల్మెట్ చేరతారు. ఓడ వస్తే వంతెన లేపుతారు, కాసేపు ఆగాల్సొస్తుంది. ఈ దారినే వెళ్లమని ఎందుకంటున్నానంటే, ఫజెండ్‌విల్ వాళ్లు వెళ్లి స్థిరపడ్డ వీధుల మీదుగానే మీరు వాళ్ల పాత ఊరికి వెళ్తారు. దారిలో అరబీలో డోమినో పంచదార ఫ్యాక్టరీ పెద్ద ఇటుక కట్టడాలు కనిపిస్తాయి. 1909 నుంచి నడుస్తోంది. పార్కులో టికెట్ లేదు. పొలం చుట్టూ కారులోనే తిరిగే రోడ్డు ఒకటిన్నర మైళ్లు, ఆగి చూసే చోట్లు ఉన్నాయి. అమ్మగారు ప్రతిచోటా దిగనక్కర్లేదు. గట్టు, సందర్శకుల కేంద్రం, స్తంభం పక్కపక్కనే ఉంటాయి, అక్కడ దిగితే చాలు. పాత కేంద్రం కత్రినాలో పోయింది, ఇప్పుడున్నది 2011లో తెరిచింది. బాత్‌రూములు అందులోనే.

పడవ అంటే క్రియోల్ క్వీన్ అనే చక్రాల పడవ. నగరం నుంచి బయలుదేరి యుద్ధభూమి దగ్గర ఆపి, కాసేపు చూపించి తీసుకొస్తుంది. నది మీద నుంచి వెళ్లడం బాగుంటుంది, ఈ తోటల ప్రపంచం మొత్తం నది వైపు ముఖం పెట్టే బతికింది కాబట్టి అది సరైన దారే. కానీ ఆపే సమయం తక్కువ. స్తంభం, బంగ్లా చూసేలోపు పిలుస్తారు. శ్మశానం, ఫజెండ్‌విల్ చోటు కుదరవు. మీరు రెండు రోజులుండేట్లయితే ఒక రోజు కారులో ఇక్కడికి రండి, ఇంకో రోజు సరదాకి ఏదో ఒక పడవ ఎక్కండి.

తినడానికి లోపల ఏమీ దొరకదు. మీ నాన్నగారు శాకాహారి అయితే షాల్మెట్‌లో బయట వెతుక్కోవడం కష్టం, పులిహోరో పెరుగన్నమో డబ్బాలో పెట్టుకెళ్లండి, నీళ్లు ఎక్కువగా. ఎండాకాలమైతే పొద్దున్నే వెళ్లి పదకొండు లోపు బయటపడండి. నీడ దాదాపు ఉండదు, తేమ ఎక్కువ, పెద్దవాళ్లకు కళ్లు తిరుగుతాయి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోమనండి. గడ్డిలో ఎర్ర చీమల పుట్టలుంటాయి, కుడితే రెండు రోజులు మంట. దోమల మందు పూసుకోండి. రెండున్నర గంటలు చాలు, శ్మశానం తీరిగ్గా నడిస్తే మూడు.

జనవరిలో రాగలిగితే అదే మంచి కాలం. 8వ తేదీ దగ్గర్లో ఏటా పార్కులో కార్యక్రమం పెడతారు. ఆనాటి దుస్తుల్లో మనుషులు విడిదులు వేసి, వంట వండి, తుపాకులు, ఫిరంగులు పేల్చి చూపిస్తారు. రెండు సైన్యాలు ఎదురెదురుగా కొట్టుకునే నాటకం మాత్రం ఉండదు. మనుషులు నిజంగా చచ్చిపోయిన చోట దాన్ని ఆడి చూపించకూడదన్నది జాతీయ పార్కుల నియమం. నాకు ఆ నియమం సరైనదే అనిపిస్తుంది.

చెరకు తోటల బానిసల జీవితం ఇంకా వివరంగా తెలుసుకోవాలనుకుంటే, నగరానికి ఎగువన గంట ప్రయాణంలో వాలెస్ దగ్గర విట్నీ ప్లాంటేషన్ ఉంది. దొరల ఇళ్ల వైభవం కాకుండా బానిసల వైపు నుంచి మొత్తం చెప్పే మ్యూజియం, 2014లో తెరిచారు. 1811 తిరుగుబాటు స్మారకం కూడా అక్కడుంది. ముందు షాల్మెట్ చూసి తర్వాత అక్కడికి వెళ్లండి, ఒకే రోజు రెండూ పెట్టుకోవద్దు. నాన్నగారు అక్కడ ప్రతి పలకా చదువుతారు, పూట సరిపోదు. పార్కు తెరిచే రోజులు, రేంజర్ మాట్లాడే వేళలు మారుతుంటాయి, బయలుదేరే వారం వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి. మీ తేదీలు ఖరారైతే ఇక్కడే రాయండి, ఆ నెల ఎండను బట్టి ఏ వేళకు వెళ్లాలో చెప్తాను.